చుక్కెద్దు కోసం పోసిన గుండు

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బు పట్టింది. కురవదు, కదలదు.

నేను ఒక పాత రివాల్వర్‌ని. సముద్రాల అవతల ఎక్కడో నన్ను చేశారు. నన్ను ఈ దేశానికి తెచ్చిన సర్వే దొర జింకల్ని కొట్టబోయి చెట్లను కొట్టేవాడు. వెళ్లిపోతూ తన బంట్రోతుకు ఇచ్చిపోయాడు. బంట్రోతు కొడుకు మద్దిలేటి లైసెన్సు రాయించుకుని, చేలో పడే అడవిపందుల్ని బెదిరించడానికి నన్ను ఉంచుకున్నాడు. బెదిరించడానికి గురి అక్కర్లేదు. అందుకే నా లోపం ఇన్నేళ్లూ ఎవరికీ పట్టలేదు.

ఆ రోజు పట్టింది. మద్దిలేటి చుక్కెద్దును పిచ్చికుక్క కరిచింది. అది నురగలు కక్కుతూ చేలో రాతిగుంజకు కట్టేసి ఉంది. మోకు ఒక్కొక్క పురే తెగుతోంది. దగ్గరికి పోయే వీలు లేదు. రాళ్లతో కొట్టి చంపుదామన్నారు ఊరివాళ్లు.

మద్దిలేటి నన్ను తెచ్చి కమ్మరి వీరాచారి ముందు పెట్టాడు. “నా సేతుల మింద పెరిగినాది, ఆచారీ. రాళ్లతో సంపనీను. ఒక్క దెబ్బకి పోవల్ల.”

కొన్న గుండ్లు అరిగిన నా గొట్టంలో వదులుగా ఊగుతాయి. వీరాచారి మెత్తటి సీసపు ముక్కను గొట్టంలోంచి తోసి కొలత తీసుకున్నాడు. ఆ కొలతకే గుండ్లు పోసి తూటాలకు బిగించాడు. గోడకు కొట్టిన పిడకను మద్దిలేటి గురి చూశాడు. గుండు జానెడు పక్కకు పోయింది.

“పిడక్కే తగల్లేదు గదప్పా! ఇదేనా నీ పనితనం?”

“నీ సెయ్యి వణుకుతాంటే నా గుండునంటావేం?”

అలా అన్నాడే గానీ, నన్ను విప్పి వెలుతురువైపు పట్టుకుని చాలాసేపు చూశాడు వీరాచారి. తూటాలు కూర్చునే ఆరు గదుల మూతులూ గొట్టం కంటే ఇరుకు. గుండు అక్కడే నలిగి సన్నబడి, గొట్టంలో మళ్లీ వదులైపోతోంది.

“తప్పు నాదే మద్దిలేటన్నా. గొట్టం కొలిస్తి గానీ మూతి సూడల్యా. ఒక్క దెబ్బ అంటివి గదా, ఒక్క మూతే సాన పడతా.”

గరుకు కాగితం చుట్టిన పుల్లతో ఒక్క గది మూతిని మెల్లగా వెడల్పు చేశాడు. ఈసారి పిడక నడిమికి చీలింది. ఇద్దరిలో ఎవరూ సంతోషించలేదు. ఆ గదిలోనే ఇంకో తూటా పెట్టారు.

చేలో ఎద్దుకు పదిహేను అడుగుల దూరంలో మద్దిలేటి నిలబడ్డాడు. “నాయనా,” అని పిలిచాడు. మోకు పీకుతున్న ఎద్దు ఆ గొంతు విని ఒక్క క్షణం ఆగింది. చెవులు నిక్కించి ఇటు తిరిగింది. నొసటి తెల్లచుక్క నాకు సూటిగా వచ్చింది.

నేను పేలాను. ఎద్దు ముందుకాళ్లు మడిచి, సేద్యం నుంచి వచ్చి పడుకున్నట్టే పడుకుంది. నా బతుకులో ప్రాణమున్నదాన్ని సరిగ్గా కొట్టిన దెబ్బ అదొక్కటే. మనుషులు నా గురి కుదరాలని అంత పాటుపడ్డారు. కుదిరాక నన్ను చూడలేకపోయారు.

లోతుగా గొయ్యి తవ్వి పూడ్చారు. ఇంట్లో మనిషి పోయినట్టే తలస్నానాలు చేశారు. మద్దిలేటి పెళ్లాం ఓబులమ్మ సంగటి ముద్దలు పెట్టి, చెనక్కాయల పచ్చడి వేసింది. వీరాచారిని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తనూ వాళ్ల పక్కనే కూర్చుంది. ముగ్గురూ తలలు వంచుకుని చివరిదాకా తిన్నారు.