తువ్వాలకు సాక్షి

వికారాబాద్ బడిలో వంట చేసే దేవమ్మ, తాండూరులో రోజూ కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు ఆపుకుంటుంది. ఈ రైల్లో అందరిదీ అదే పద్ధతి. ఇవాళ ఒక పెద్దమనిషి దాన్ని కిందికి నెట్టి కూర్చున్నాడు. పైగా అసలు తువ్వాలే లేదని బుకాయించాడు. నాకు ఒళ్లు మండింది.

దేవమ్మ పైనున్న కొత్త కెమెరాకు దండం పెట్టింది. "సారూ, నా తువ్వాల సూసినవ్ గదా? గీయన మొఖం గూడ జర మంచిగ సూడు!"

పెద్దమనిషి గబుక్కున లేచి వేరే పెట్టెలోకి పోయాడు.

ఆ కెమెరాను నిన్న బిగించింది నేనే. ఇంకా వైరు కలపలేదు. ఆ మాట చెప్పబోయి నోరు మూసుకున్నాను.

దేవమ్మ జరిగి నాకూ చోటిచ్చింది. "కూసో తమ్మీ. గా సారు సూస్తుండంగ నిన్నెవడు లేపుతడు?"