వెయ్యి అంగల దీవి

ఆ దీవి ఎంత పెద్దదంటే, అది కొలతమ్మ మోకాళ్లను బట్టి ఉంటుంది.

నవ్వితే నవ్వండి, లాంచీల శాఖ నిబంధనల పుస్తకంలో అలాగే రాసుంది. టేపులూ గొలుసులూ ఉప్పుగాలికి పాడైపోతాయని ఎప్పుడో ఎవరో పెద్దమనిషి తేల్చేసి, ప్రతి దీవికీ ఒక కొలత కుటుంబాన్ని పెట్టాడు. ఆ కుటుంబంలో ఒకరు ఏడాదికోసారి ఒడ్డు వెంబడి దీవిని చుట్టి రావాలి. ఎన్ని అంగలు పడితే దీవి అంత. వెయ్యికి తగ్గిందా, అది దీవి కాదు, రాయి. రాళ్ల దగ్గరికి లాంచీ వెళ్లదు.

కొలతమ్మ తండ్రి తాడిచెట్టంత మనిషి. ఆయన హయాంలో దీవి తొమ్మిది వందల అయిదు అంగలు. పదకొండేళ్లు అక్కడివాళ్లు లాంచీ మొహం చూడలేదు. ఆ పదకొండేళ్లలోనే ఆయన భార్యకు జ్వరం ముదిరింది. డాక్టరేమో అవతలి ఒడ్డున ఉన్నాడు. ఆమె పోయాక కూడా ఆయన అంగ తగ్గించలేదు. అంత నిజాయితీ ఎవడిక్కావాలని కొలతమ్మ ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది.

ఆయన తర్వాత కొలత ఆమె చేతికొచ్చింది. ఆమెది పొట్టి కాళ్లు. మొదటి ఏడే వెయ్యి నలభై. లాంచీ వచ్చింది. వయసు మీదపడి అడుగు కురచయ్యేకొద్దీ దీవి ఏటేటా పెరుగుతూ, పోయినేటికి పదమూడు వందల పన్నెండుకు చేరింది. దీవి సముద్రంలోంచి పైకి లేస్తోందని అవతలి ఒడ్డు నుంచి ఒక పండితుడు వచ్చి, పరీక్షకని సంచీడు రాళ్లు మోసుకుపోయాడు. అది మోకాళ్ల నొప్పి అని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

ఇంత వైభవంలో ఒక్కటే దిగులు, కొలతమ్మ కూతురు. ఒక్కగానొక్క పిల్ల, అచ్చం తాత పోలిక. ఊళ్లో ఆమెను నిచ్చెన అనేవారు. నిచ్చెన మరో అంగుళం ఎదిగిందని తెలిస్తే చాలు, ఉన్న పంతొమ్మిది ఇళ్లలోనూ ముద్ద దిగేది కాదు. పిల్లకి కాస్త తిండి తగ్గించి చూడమని పక్కింటావిడ సలహా కూడా ఇచ్చింది. కొలతమ్మ తిండి తగ్గించలేదు, అడుగు తగ్గించింది. చీలమండలకు మూరెడు తాడు కట్టి బడికి పంపేది. "చిన్నగా నడవవే" అన్న మాట నిచ్చెన విన్నన్నిసార్లు తన అసలు పేరు కూడా విని ఉండదు.

ఇప్పుడామెకు నలభై రెండేళ్లు. జెట్టీ షెడ్డులో పార్సెళ్లు తూకం వేసే ఉద్యోగం. కాటా దగ్గర్నుంచి అలమరకు నాలుగంగల దూరం. దాన్ని తొమ్మిదడుగుల్లో నడిచేది, షెడ్డులో నరమానవుడు లేనప్పుడు కూడా. ఏమరుపాటున ఒక పెద్ద అడుగు పడిందంటే, పరాయివాళ్ల వస్తువేదో పగలగొట్టినట్టు గుండె గతుక్కుమనేది.

ఈ ఏడు కొలతకు పది రోజుల ముందు కొలతమ్మ అటక మీది డబ్బా దించబోయి పీట మీంచి పడింది. డాక్టరు లాంచీలో వచ్చి మోకాలికి కట్టు కట్టి, మంచం నుంచి వంటగది దాకా తప్ప నడవొద్దన్నాడు. అదే లాంచీలో శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి అధికారి స్వయంగా వచ్చి కొలత చూస్తాడట. నడక సహజంగా ఉండాలట. కొలిచేవాళ్ల చేతిలో ఏ బరువూ ఉండకూడదట.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన ఒక్కతే దీవి చుట్టి చూసుకుంది. మొదట్లో జాగ్రత్తగానే నడిచింది గానీ, ఉత్తరపు మలుపులో మనసు ఎటో పోయింది, కాళ్లు వాటి దారిన అవి పోయాయి. ఎనిమిది వందల ఎనభై నాలుగు. ఇంటికొచ్చి వంటగది గడపలో కూలబడి ఏడ్చింది. తన కాళ్ల వల్ల ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకోవాల్సి వస్తుందని, అమ్మమ్మలాగే అమ్మ కూడా డాక్టరు లేక పోతుందని ఆమె భయం.

కొలతమ్మ ఓదార్చలేదు. ఓదార్చడం ఆమెకు రాదు.

"షెడ్డులో ఎంత బరువు మోస్తావే నువ్వు?"

"యాభై కిలోల బస్తా మోస్తాను."

"నేను నలభై తొమ్మిది" అంది కొలతమ్మ.

కొలత రోజున అధికారి దిగాడు. సన్నటి మనిషి, చంకలో నిబంధనల పుస్తకం, చేతిలో బొటనవేలితో నొక్కే లెక్కల మిషను. దుప్పటితో తల్లిని వీపుకు కట్టుకుని, కొలత మొదలై ముగిసే తెల్లరాయి పక్కన నిలబడ్డ నిచ్చెనను చూసి ఆయన పుస్తకం మూడుసార్లు తిరగేశాడు. చేతిలో బరువుండకూడదని చదివి వినిపించాడు. నిచ్చెన రెండు చేతులూ చాపి చూపించింది. ఆయన వంగి చూశాడు. నిజమే, ఖాళీ. వీపు గురించి పుస్తకంలో ఒక్క ముక్కా లేదు.

బయల్దేరారు. అధికారి పక్కనే మిషను నొక్కుకుంటూ నడిచాడు, ఊరంతా వెనక నడిచింది. బరువుకి అడుగు దానంతటదే కురచయింది, సహజంగానే. నలభై రెండేళ్లలో నిచ్చెన మొదటిసారి నటించకుండా చిన్నగా నడుస్తోంది. చెవి దగ్గర తల్లి లెక్కపెడుతూ, మధ్యమధ్య అలవాటుకొద్దీ "చిన్నగా" అంటోంది. ఉత్తరపు మలుపు దగ్గర మూడు వందల నలభై. దక్షిణపు గులకరాళ్ల మీద ఏడు వందలు దాటాయి. నడుం విరిగిపోతోంది, చెమట కళ్లలోకి కారుతోంది. షెడ్డు మూలకొచ్చేసరికి తొమ్మిది వందల యాభై ఒకటి.

అక్కడ ఆమె ఆగిపోయింది. ఆ మూల నుంచి తెల్లరాయికి ఎంత దూరమో తనకంటే బాగా ఎవరికి తెలుసు? ఈ బరువుతో అయితే ఇరవై నాలుగంగలు, ఒక్కటి కూడా ఎక్కువ పడదు.

"అమ్మా, పాతిక తక్కువొస్తాయి."

"దించు" అంది కొలతమ్మ.

అధికారి అడ్డొచ్చాడు. మధ్యలో కొలిచే మనిషి మారితే కొలత చెల్లదన్నాడు.

"మారిందెవరు నాయనా? పొద్దుట్నుంచీ కొలుస్తోంది నేనేగా. ఇందాకటిదాకా దాని కాళ్లతో కొలిచాను. ఇప్పుడు నా కాళ్లతో కొలుస్తాను."

ఎవరి కాళ్లతో కొలవాలన్నది పుస్తకంలో ఉందేమోనని ఆయన వెతుకుతుండగానే కొలతమ్మ మొదటి అడుగు వేసేసింది. కట్టు కట్టిన కాలు జానెడు కదులుతుంది, రెండోది దాన్ని అందుకుంటుంది. అడుగడుక్కీ పెదవి కొరుక్కుంటోంది. పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. అవతల లాంచీ రెండుసార్లు కూత పెట్టింది. అర్ధగంట పట్టింది. వెయ్యి పూర్తయ్యేసరికి తెల్లరాయి ఇంకా చేతికందలేదు. మరొక్కటి వేసి రాయి మీద చతికిలబడింది.

అధికారి వెయ్యిన్నొకటి అని రాసి, పక్కన 'దీవి' అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత పోయినేటి అంకె చూసి మొహం మాడ్చుకున్నాడు. ఒక్క ఏడాదిలో మూడు వందల పదకొండు అంగలు తగ్గిపోయిందని, దీవి గబగబా మునిగిపోతోందని, పండితుణ్ని వెంటనే పంపాలని కింద రాసుకున్నాడు. పండితుడు పట్టుకుపోయిన రాళ్లు తిరిగొస్తాయిలెమ్మని ఊరు సంతోషించింది.

లాంచీ వెళ్లిపోయింది, జనం చెదిరిపోయారు. నిచ్చెన మళ్లీ దుప్పటి పరిచి వీపు వంచింది. కొలతమ్మ ఎక్కలేదు.

"చాల్లే, నీ నడుం పోతుంది. షెడ్డులోంచి ఆ బస్తాల బండి పట్రా, దాని మీద కూచుంటాను."

నిచ్చెన బయల్దేరింది, ఎప్పటిలాగే, కురచగా.

"ఏమే" అని పిలిచింది తల్లి. "కొలత అయిపోయిందిగా. నీ కాళ్లు ఎట్లా పోతే అట్లా నడువు."

"పెద్దగా నడవనా?"

"ఎంత పెద్దగా నడుస్తావో నేనెప్పుడూ చూడలేదు."

నిచ్చెన మొదటి అంగ వేసింది. గుండె గతుక్కుమంది, అయినా రెండోది వేసింది, మూడోది వేసింది. వెనక తల్లి అలవాటుకొద్దీ పైకి లెక్కపెట్టడం వినిపించింది. పదకొండు దగ్గర ఆమె లెక్కపెట్టడం మానేసి, కూతురి నడక చూస్తూ కూచుంది.