నీళ్ళు దూరని వాచీ

"ఆ మరక తీసేసి ఇవ్వు," అన్నాడు మా ఆయన, కంచంలో చెయ్యి కడుక్కుంటూ.

నేను ఆ కంచం తియ్యటానికి వంగి ఉన్నాను. ఏ మరకో వెంటనే తట్టలేదు. మామిడి కాపు రోజుల్లో మా ఇంట్లో మరకలకేం తక్కువ. ఆయన చొక్కాలకి సొన మరకలు, మామయ్య గారి పంచెకి పండ్ల రసం, మా పిల్ల హాసిని యూనిఫాం సంగతి చెప్పక్కర్లేదు.

"ఏ మరకండీ?"

"వాచీ మీదది. కృష్ణమూర్తి గారికి తెగ నచ్చింది. అంతా బాగుంది గానీ ఎనిమిది దగ్గర ఈ మచ్చేంటి రవీ అన్నారు. అది తీసేస్తే శుక్రవారం బుట్టతో పాటు ఇచ్చేద్దాం."

కృష్ణమూర్తి గారు నూజివీడులో మామిడి వ్యాపారి. మా తోట చాట్రాయి దగ్గర. నేను కాపురానికి వచ్చిన ఏటి నుంచీ కాయ ఆయనకే వేస్తున్నాం. పెద్ద కోత మొదలుపెట్టేముందు ఒక బుట్ట చిన్న రసాలు ఆయన ఇంటికి పంపటం మామయ్య గారు పెట్టిన అలవాటు. పంపేది వాళ్ళు. కాయని ఎండుగడ్డిలో మాగబెట్టి, రోజూ తిప్పి చూసి, డాగు పడనివి ఏరి బుట్టలో పేర్చేది నేను. పన్నెండేళ్ళ నుంచి చేస్తున్నాను. ఈసారి ఆ పళ్ళ మీద నేను చేసిన వాచీ కూడా పెడతామని మా ఆయన చెప్పి వచ్చాడు.

"సరే," అన్నాను.

అనేసి, కంచం తోముతుంటే, సరే అని ఎందుకన్నానా అనిపించింది. వద్దనటానికి మాత్రం ఏముంది? ఆయన దాన్ని దొంగతనం చెయ్యలేదు. బాగుందని చేతికి పెట్టుకుని మార్కెట్‌కి వెళ్ళాడు, అక్కడ పెద్దాయనకి నచ్చింది, ఇస్తానన్నాడు. మా ఇంటి ఆవకాయ జాడీ కూడా అలాగే ఇస్తాం. ఆవకాయ ఇచ్చినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు మాత్రం తోమిన కంచాన్నే మళ్ళీ తోముతున్నాను.

వాచీల పిచ్చి నాకు మొదట్నుంచీ ఉన్నది కాదు. రెండేళ్ళ కిందట తోటలో మందు కొడుతుంటే మా ఆయన వాచీలోకి నీళ్ళు పోయాయి. రిపేరు చేసే అతను అద్దం లోపల ఆవిరి చూసి, పారెయ్యండి సార్ అన్నాడట. చెత్తలో వెయ్యమని ఆయన నా చేతికిచ్చాడు. నేను వెయ్యలేదు. ఇంత బిగించిన దాంట్లోకి నీళ్ళు ఎటు నుంచి పోయాయో చూద్దామని వెనక మూత ఊడదీశాను. కీ పక్కన వెంట్రుకంత రబ్బరు రింగు ఒకటి తెగి ఉంది. అంతే. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. మరి అసలు నీళ్ళు దూరని వాచీ ఎలా ఉంటుంది?

ఫోన్లో వెతికితే సముద్రం అడుగుకి దిగేవాళ్ళు పెట్టుకునే వాచీలు కనపడ్డాయి. అరవై ఏళ్ళ నాటి తీరులో, పాతబడ్డ వెన్న రంగు చుక్కలతో, లావాటి అద్దంతో. వాటి భాగాలు విడివిడిగా తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకునేవాళ్ళు ఉన్నారని అప్పుడే తెలిసింది. జాకెట్లు కుట్టిన డబ్బులతో నేనూ ఒక్కొక్కటే తెప్పించాను.

"నూజివీడులో సముద్రం ఎక్కడుందే?" అని నవ్వాడు మా ఆయన. "మన బోరు ఎనిమిది వందల అడుగులు. అందులో దిగుతావా?"

మా అత్తయ్య బుజ్జమ్మ గారు మాత్రం నవ్వలేదు. "కుట్టు మిషను ఉందిగా అమ్మాయ్, మళ్ళీ ఇదెందుకు? ఆ కూర్చునేదేదో మిషను ముందు కూర్చుంటే హాసినికి గౌనన్నా వచ్చుద్ది," అన్నారు.

ఇద్దరూ తప్పేమీ అనలేదు. నాకు ఈత రాదు. బందరు వెళ్ళినప్పుడు సముద్రాన్ని ఒక్కసారే చూశాను, చీర తడవకుండా.

మొదటి వాచీకి సెకండ్ల ముల్లు వంచేశాను. రెండోదానికి అద్దం బిగించాక లోపల గడ్డి నలుసు కనపడింది. మా ఇంట్లో గడ్డి దుమ్ము లేని చోటు లేదు. హాసిని పసిపిల్లప్పుడు కొన్న గొడుగు దోమతెర అటక మీద ఉంటే దింపి, ఉతికి, దాని కింద తలా చేతులూ పెట్టి పని చెయ్యటం నేర్చుకున్నాను. ఫ్యాను ఆపాలి. మే నెలలో. చెమట డయల్ మీద పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకోవాలి.

"ఫ్యాను ఆపుకుని ఉడుకుతున్నావేంటమ్మా, ఒంట్లో బాగుందా?" అని అత్తయ్య గుమ్మం దగ్గరకొచ్చి చూసేవారు. తరవాత పక్కింటావిడతో, "మా కోడలు దోమతెర కింద చంటిపిల్లని ఆడిస్తోంది," అనటం నాకు వినపడేది.

మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక, గిన్నెలు అయ్యాక, కూలీలకి టీ పెట్టేలోపు నాకు కొంచెం తీరిక. ఎంతో నాకూ తెలీదు. ఈ రకం వాచీకి అద్దం చుట్టూ ఒక రింగు తిరుగుతుంది. నీళ్ళలోకి దిగేవాడు దాని గుర్తుని నిమిషాల ముల్లు దగ్గరకి తిప్పి దిగుతాడట, ఎంతసేపు గడిచిందో చూసుకోవటానికి. అది ఒకవైపే తిరుగుతుంది. దేనికన్నా తగిలి తిరిగినా సిలిండర్‌లో ఇంకా గాలి చాలా ఉందని అబద్ధం చెప్పదు. నలుసు పడిన రెండో వాచీతోనే నేనొక వారం ఆ గుర్తు పెట్టి చూశాను. గిన్నెలు బోర్లించినప్పుడు తిప్పితే, ఎవరో ఒకరు నన్ను పిలిచేసరికి ఒకరోజు ముప్పై నిమిషాలు, ఒకరోజు పదకొండు. నలభై ఎప్పుడూ దాటలేదు. ఆ లెక్క చూశాక కోపం రావాలేమో. నాకు మాత్రం ఆశ్చర్యం వేసింది, ఇన్నాళ్ళూ నాకు మధ్యాహ్నమంతా ఖాళీ అని నేనే అందరితో చెప్పేదాన్ని.

మూడో వాచీ కుదిరింది. తోటలో నీళ్ళ తొట్టిలో తాడు కట్టి ముంచి, పొద్దున టిఫిను నుంచి భోజనాల దాకా ఉంచి తీశాను. అద్దం మీద ఐసు ముక్క పెట్టాను. లోపల తడి ఉంటే ఆవిరి పట్టాలి. పట్టలేదు. తొట్టి దగ్గర నిలబడి ఎవరికి చెప్పాలా అని అటూ ఇటూ చూశాను. గేదె ఒకటి ఉంది.

మరక నా తప్పే. డయల్ పెట్టిన రోజు పొద్దున షెడ్డులో కాయల ముచ్చికలు కోశాను. కోసిన కాయని సొన కారిపోయేట్టు బోర్లించాలి, లేకపోతే తొక్క మాడిపోతుంది. కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, రెండుసార్లు సబ్బు పెట్టి, శుభ్రం అనుకున్నాను. గోటి సందులో ఉండిపోయింది. డయల్ కదలకుండా బొటనవేలు ఒక్క క్షణం ఆనించాను. అప్పుడేమీ కనపడలేదు. మూడో రోజుకి ఎనిమిది చుక్క పక్కన గోధుమ రంగులో నా వేలి గీతలు తేలాయి. వాచీలు చేసేవాళ్ళ వీడియోల్లో ఎన్నో తప్పులు చెప్పారు. ఇది ఎవరూ చెప్పలేదు.

గురువారం పొద్దున వాచీని జాకెట్లో దోపుకుని షెడ్డుకి వెళ్ళాను. కాయ ఏరే ఆడవాళ్ళకి మేస్త్రి కృపావతి. నాకంటే పదేళ్ళు పెద్దది. ఎడమ చెంప మీద సొన కాల్చిన మచ్చ ఉంటుంది.

"ఏంటమ్మా, మొహం అట్టా ఉంది?"

వాచీ చూపించాను. కొంగుతో చేతులు తుడుచుకుంది గానీ ముట్టుకోలేదు.

"సొనేగా ఇది. మీ వేలేనా? బాగా దిగింది."

"ఇది మార్చి ఇవ్వమన్నారు. కృష్ణమూర్తి గారికి ఇస్తున్నాం."

"ఆయనకెందుకు? పొద్దుగూకులూ కుర్చీలోంచి లేవడు. గోడ గడియారం చాలదా?" పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు.

నాకూ నవ్వొచ్చింది. ఈ వాచీకి బ్యాటరీ లేదు, చెయ్యి ఆడుతుంటే దాని కదలికకి లోపల మర తిరుగుతుంది. మా ఆయన ఒకసారి దీన్ని రెండు రోజులు బీరువాలో పడేసి, నీ వాచీ ఆగిపోయింది అని తెచ్చిచ్చాడు. నేను పెట్టుకుని ఇల్లు ఊడ్చి, పిండి రుబ్బి, కాయ ఏరితే మళ్ళీ నడిచింది. ఆ సంగతి కృపావతికి చెప్పాను.

"అయితే మా ఆయన చేతికి పెడితే నడవనే నడవదు," అంది.

నేను వాచీని నా చేతి మీద పెట్టి, "నాకు బాగుందా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు. అంతవరకూ అది నాకోసమని ఒక్కసారి కూడా అనుకోలేదు. మా ఆయన కోసమనీ అనుకోలేదు. చెయ్యాలి అనుకున్నాను, అంతే. చేసినది ఎవరో ఒకరి చేతికి పోతుందని ఆలోచించలేదు.

కృపావతి తల పక్కకి వంచి చూసింది. "బాగోలేదమ్మా," అంది. "మీ చెయ్యి సన్నం. తలుపుకి తాళం వేసినట్టుంది." మళ్ళీ కాయల్లో చేతులు పెట్టింది. ఒక కాయ తిప్పి చూస్తూ, "బాగోపోతే మాత్రం, ఎవరన్నా కేసు పెడతారా?" అంది.

మధ్యాహ్నం మా ఆయన నూజివీడు నుంచి వచ్చి, జేబులోంచి పురికొస ముక్క తీసి టేబుల్ మీద పెట్టాడు. మామిడి పెట్టెలు కట్టేది. మధ్యలో ముడి వేసి ఉంది.

"కృష్ణమూర్తి గారి చెయ్యి కొలత. మాటల్లో పెట్టి చుట్టేశాను," అన్నాడు. ఆ తెలివికి తనకే ముచ్చటేసినట్టు నవ్వాడు. "రబ్బరు పట్టీ ఏదో తెప్పించావుగా. దీనికి సరిపోయేట్టు వెయ్యి. పాత పట్టీతో ఇస్తే బాగోదు." అన్నం తిని పడుకున్నాడు. నా చెయ్యి ఆయన ఎప్పుడైనా కొలిచాడా అని ఆలోచించాను. పెళ్ళిలో గాజులు మా అమ్మ ఇచ్చిన పాత గాజు కొలతకి తెచ్చారు.

ఫ్యాను ఆపి, తువ్వాలు కట్టుకుని, దోమతెర కింద వాచీ విప్పాను. ముళ్ళు లాగి, మరక డయల్ తీసి, అదనంగా తెప్పించిన కొత్తది పెట్టాను. ఈసారి వేళ్ళకి రబ్బరు తొడుగులు. పాతికేళ్ళ అనుభవం ఉన్నదాన్లా చేతులు వాటంతట అవే వెళ్ళాయి. ముళ్ళు పెట్టి, పన్నెండు దగ్గర మూడూ కలిసేట్టు సరిచూసి, రబ్బరు రింగుకి గ్రీజు రాసి మూత బిగించాను. తిప్పి చూస్తే మచ్చ లేదు. అచ్చం ఫోన్లో చూసిన ఫొటోలాగే ఉంది.

అప్పుడు బుర్ర ఇంకా గజిబిజి అయింది. మరక ఉన్న డయల్ బల్ల మీద ఉంది, నా వేలిముద్రతో. దాన్ని మళ్ళీ లోపల పెట్టెయ్యాలనిపించింది, అది ఉంటేనే ఈ వాచీ నాదైనట్టు. మరకుంటే కృష్ణమూర్తి గారు వద్దంటారు, గొడవ లేకుండా నా దగ్గరే ఉండిపోతుంది. ఇంట్లో నేను ఉంచుకున్నవన్నీ అలా మిగిలినవే. అంచు చిరిగిన చీర, పగిలిన జాడీ మూత, అడుగంటిన అన్నం. అందరూ వద్దన్నవే నావి. బాగున్నవాటిని నావి అని అనటం నాకు అలవాటు లేదు. అసలు అలా అనాలంటే నోట్లో మాట ఎలా ఉండాలో కూడా తెలీదు. మరి ఈ మచ్చ లేనిది ఎవరు చేశారు? పొరపాటు చేసిన వేలు నాదైతే, సరిగ్గా చేసిన వేళ్ళు ఎవరివి?

మరక డయల్‌ని చెత్తలో వేశాను. వేశాక తియ్యాలనిపించింది. తియ్యలేదు.

రబ్బరు పట్టీ కవరు విప్పాను. రెండు కొసలూ చేతి కొలతకి కత్తిరించి బకిల్ పెట్టుకునే రకం అది. కోస్తే మళ్ళీ అతకదు. పురికొస నా చేతికి చుట్టి చూశాను. చుట్టు పూర్తయ్యాక కూడా ముడి దాకా ఇంకా రెండు వేళ్ళు మిగిలింది. కత్తెర పట్టుకుని ఉండగా లోపలి గదిలోంచి అత్తయ్య, "అమ్మాయ్, టీ వేళయింది," అన్నారు. నేను ఎప్పుడూ పని వదిలేసి లేచేదాన్ని. ఆ రోజు ముందు ఒక కొస కోశాను. తరవాత రెండోది. కోత వంకర పోలేదు. అప్పుడు వెళ్ళి టీ పెట్టాను.

శుక్రవారం పొద్దున బుట్టలో గడ్డి పరిచి పళ్ళు పేర్చాను. మా ఆయన బండి బయటికి తీసి వచ్చాడు. మామయ్య గారు అరుగు మీద పేపరు చదువుతున్నారు.

"ఏదీ, వాచీ?"

చెయ్యి చూపించాను.

"పెట్టుకుని చూస్తున్నావా? ఇటివ్వు, ఎండెక్కుతోంది."

"పట్టీ నా చేతికి కోశాను."

"కొలత ఇచ్చానుగా?"

"ఇచ్చారు."

ఆయన నా చెయ్యి పట్టుకుని, వాచీని దగ్గరగా చూశాడు. మచ్చ లేదని గమనించాడు. కోపం రాలేదు ఆయనకి. నాలాగే అయోమయంగా ఉన్నాడు. "పోనీలే. ఇంకో పట్టీ వేస్తే సరిపోతుందిగా?"

"సరిపోతుంది," అన్నాను. "వెయ్యను."

మామయ్య గారి పేపరు చప్పుడు ఆగింది. వంటగది గుమ్మంలో అత్తయ్య వచ్చి నిలబడ్డారు. ఇది ఇంత పెద్ద విషయమా, ఒక వాచీ కోసం ఇంత అవసరమా అని నాలోనే ఎవరో అంటున్నారు. ఆ గొంతు ఎవరిదో పోల్చుకోలేకపోయాను.

"ఇస్తానని చెప్పాను యోగితా," అన్నాడు మా ఆయన నెమ్మదిగా. "బుట్ట చూసి, వాచీ ఏదని అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

బుట్ట పైన గోనె కప్పి, పురికొసతో బిగించి ముడి వేసి, ఆయన చేతికి అందించాను.

"మా ఆవిడ పెట్టుకుందని చెప్పండి."