పూజిత సంగతీ చెప్పను

మారేడ్‌పల్లిలో ఆ మేడ మెట్లెక్కితే మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరు, రెండో అంతస్తులో జావా నేర్పే ఇన్‌స్టిట్యూటు, ఆ పైన కనకలక్ష్మి పనిచేసే కౌన్సెలింగ్ సెంటరు. ఊళ్ళో సగంమంది కంప్యూటరు నేర్చుకుంటున్న రోజులు కాబట్టి, ఎవరు ఏ అంతస్తుకొచ్చారో బయటివాళ్ళకు తెలిసేది కాదు. ఫైళ్ళ బీరువా తాళంకంటే ఆమెకు ఇదే పెద్ద ధీమా.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆరో మనిషిని పంపించి కళ్ళు మూసుకునేసరికి, మోండా మార్కెట్ నుంచి కూరల సంచీతో పిన్ని అప్పలలక్ష్మి దిగింది. కొడుకు కన్నబాబుకి సంబంధం చూస్తోందట. పిల్ల పేరు రాధిక, హైటెక్ సిటీలో ఉద్యోగం. పోయిన వారం ఆ పిల్ల ఈ మెట్లు దిగుతుంటే కళ్ళారా చూసిందట.

"నీ కాడికే వస్తాదేటే?"

పొద్దున రాధిక ఇప్పుడు పిన్ని కూర్చున్న కుర్చీలోనే కూర్చుని వెళ్ళింది. ఆఫీసు లిఫ్టులో ఊపిరాడక వణికిపోయే పిల్ల, తొమ్మిది నెలలకి ఈమధ్యే ఒంటరిగా లిఫ్టెక్కుతోంది. సంబంధం చూస్తున్నారని చెప్పింది గానీ, పెళ్ళికొడుకు ఎవరో చెప్పలేదు.

ఇక్కడికి ఎవరొస్తారో చెప్పకూడదని, చెబితే తన ఉద్యోగమే పోతుందని కనకలక్ష్మి విడమరచి చెప్పింది. పొరపాటు అక్కడే జరిగింది. విజయనగరం వైపు వాళ్ళ చుట్టాల్లో పిల్ల గురించి వాకబు చేస్తే, మంచిదైతే అడిగీ అడగ్గానే "బంగారం" అంటారు. నోరు మెదపకపోతే లోపం ఉన్నట్టే లెక్క.

పిన్ని లేచి సంచీ అందుకుంది. "అర్థమైందిలే. ఒద్దని కబురెట్టేస్తాను."

రాదంటే అబద్ధం. చెప్పనంటే చెప్పేసినట్టే. ఎమ్మే సైకాలజీలో పిన్నుల మీద పాఠం లేదు.

"పిన్నీ, మన పూజిత వస్తోందా అని అడుగు."

పూజిత పిన్ని కూతురే, బ్యాంకులో పని.

"అదెందుకొస్తాదే?"

"అడిగి చూడు."

అడిగింది.

"చెప్పను," అంది కనకలక్ష్మి, అదే గొంతుతో.

పిన్ని మళ్ళీ కూలబడింది. సంచీలోంచి ఒక దోసకాయ దొర్లి బల్ల కిందికి పోయింది. పూజితకేమైంది, ఎప్పట్నించి, కన్నతల్లికి చెప్పొద్దా అని ఎన్ని అడిగినా అదే జవాబు. సన్యాసిరాజు బాబాయి గురించి అడిగినా ఇంతేనంది కనకలక్ష్మి.

చివరికి పిన్ని గొంతు తగ్గించింది. "రేపు దాని అత్తోరొచ్చి అడిగితే?"

"వాళ్ళకీ చెప్పను."

పిన్ని సంచీ సర్దుకుని లేచింది. "అయితే రాధిక సంగతి నేనడగనేదు, నువ్వు సెప్పనేదు. పెళ్ళిసూపులు ఆదోరం."

ఆమె వెళ్ళాక ఆయా ఎల్లమ్మ చాయ్ తెచ్చి, "మేడం, గీ దోసకాయ ఎవలిది?" అంది. కనకలక్ష్మి అలవాటుగా చెప్పకూడదనబోయి ఊరుకుంది.

రాధిక రేపు తనకు మరదలవుతుందేమో. చుట్టాలకి కౌన్సెలింగ్ చేయకూడదు. తొమ్మిది నెలల నమ్మకాన్ని నేరేడ్‌మెట్‌లో ఇంకో కౌన్సెలర్‌కి అప్పగించాలి. కారణం రాధికకు తానే చెప్పాలి. ఆ పిల్ల ఒప్పుకుంటే అక్కడికి పంపాల్సిన ఉత్తరం సగం రాసేసరికి ఫోను మోగింది. పూజిత.

"అమ్మ తిన్నగా బ్యాంకుకొచ్చి, కౌంటరు దగ్గరే నా చెయ్యి పట్టుకుని ఏడ్చిందక్కా," అని నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. "ఎలాగూ వస్తున్నాననే అనుకుంటోంది కదా. నిజంగానే ఎప్పుడు రమ్మంటావు?"

కనకలక్ష్మి ఇంకో కాగితం తీసి, పైన అదే నేరేడ్‌మెట్ చిరునామా రాసింది.