జానెడు టేపు

ఏకాంబరం మళ్లీ తన స్టూడియో మెట్లెక్కుతాడని మునికృష్ణ అనుకోలేదు. తలుపు దగ్గర అతన్ని చూసి, తుడుస్తున్న మైకును బల్లమీద పెట్టాడు.

తిరుపతిలో, తిరుచానూరు రోడ్డు పక్కన ఒక లాడ్జి వెనక మేడమీది రెండు గదులే ఆ స్టూడియో. పాడేవాళ్ల గదికి నాలుగు వైపులా గోనెపట్టాలు కొట్టించాడు. రెండో గదిలో పెద్ద చక్రాలమీద టేపు తిరిగే స్పూలు మెషీను, మధ్య గోడలో చిన్న అద్దం కిటికీ. ఊరూరా క్యాసెట్లు పాకుతున్న రోజులు. భజనపాటలకీ హరికథలకీ మంచి గిరాకీ ఉండేది. ఏకాంబరం పని నేర్చుకున్నది ఇక్కడే. ఒక పెద్ద భజన బృందం రికార్డింగుకు దిగిన రోజునే, మాటమాత్రం చెప్పకుండా వెళ్లిపోయి చిత్తూరులో సొంత స్టూడియో పెట్టాడు. ఆ రోజు అన్నీ ఒక్కడే చూసుకోలేక మునికృష్ణ ఆ బృందం ముందు తల దించుకోవలసి వచ్చింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"తిట్టాలంటే తర్వాత తిట్టన్నా," అన్నాడు ఏకాంబరం. "నాగరత్నమ్మను తోడుకోనొచ్చినా. కింద రిక్షాలో ఉండాది."

హరికథ చెప్పే నాగరత్నమ్మను ఆ జిల్లాలో ఎరగనివాళ్లు తక్కువ. ఆమె గొంతులో గడ్డ లేచింది. రేపు పొద్దున వేలూరులో ఆపరేషను. ఈ సాయంత్రం బస్సుకే బయల్దేరాలి. గొంతు మళ్లీ ఇలాగే ఉంటుందని చెప్పలేమన్నారు డాక్టర్లు. అందుకే తాను సొంతంగా కట్టుకున్న ఒకే ఒక కథను, అమ్మవారి వాకిట్లో పూలమ్మే మనిషి కథను, ఆపరేషనుకు ముందే టేపు చేయించుకోవాలనుకుంది. రెండు రోజులుగా చిత్తూరులో ఏకాంబరం అదే పనిలో ఉన్నాడు. ఒకసారి మృదంగం మోత ఎక్కువైంది, ఇంకోసారి గొంతు పగిలినట్టు వచ్చింది. చివరికి ఈ పొద్దున మెషీనే కాలిపోయింది.

"రెండు దినాలూ ఆమెతోనే పాడిస్తివా? ఆ గొంతుతో?"

"పాడకుండా మైకు ఎట్ల సరిజేసేదన్నా?"

"ఇంకెవురితోనైనా పాడించి సరిజేసేదప్పా! జబ్బుమనిషి గొంతును మైకు పరీక్షకు ఖర్సు పెడతారా ఎవురైనా?"

ఏకాంబరం మొహం ఎర్రబడింది. "నాకేం తెలుసు? నువ్వు యానాడు సెప్పినావు? మైకు పెట్టేటప్పుడు నన్ను టీకి పంపిస్తివి. మెషీను కాడ ఈపు తిప్పుకోని కూసుంటివి."

ఆ మాట నిజమేనని మునికృష్ణకు తెలుసు. అతను వసారాలోకి నడిచాడు. కిందికి చూస్తే రిక్షాలో నాగరత్నమ్మ కొంగు తలమీదికి కప్పుకుని, ఎండకు కళ్లు చిట్లించుకుని కూర్చుని ఉంది.

"పైకి తోడుకోనిరా," అన్నాడు. "ఆమెను మాట్లాడించొద్దు. ఏం కావాలన్నా సైగ సెయ్యమను."

ఆమె వెనకే శిష్యురాలు పంకజాక్షి, మృదంగం చిన్నబ్బ, హార్మోనియం వరదయ్య వచ్చారు. మునికృష్ణ నాగరత్నమ్మను కుర్చీలో కూర్చోబెట్టి వేడినీళ్ల గ్లాసు చేతికిచ్చాడు. తర్వాత పంకజాక్షిని మైకు ముందు నిలబెట్టాడు.

"అమ్మ ఎంత గట్టిగా ఎత్తుకుంటాదో అంత గట్టిగా పాడు. బాగుండాల్సిన పని లేదు."

పంకజాక్షి పాడుతుంటే మునికృష్ణ కుర్చీని ఒక పక్కకు జరిపాడు. ఇన్నేళ్లలో మెషీను ముందు అతను ఇంకొకరికి చోటివ్వడం అదే మొదలు. ఏకాంబరం ముందు తటపటాయించి, తర్వాత వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మెషీను మీద ముల్లు సూడు," అన్నాడు మునికృష్ణ. "గొంతు లేచే కొద్దీ అదీ లేస్తాది. అమ్మ పైకి పోయినప్పుడు ఎర్రగీత దాటగూడదు. పంకజాక్షికి ఈడ ఆగినాదంటే, అమ్మకు ఇంగా రొంత తగ్గించి పెట్టుకోవాల. మృదంగం జోరుగా ఉంటే దాని మైకు తగ్గించేది కాదు, మనిషినే ఎనక్కి జరిపేది. చిన్నబ్బన్నా, ఆ గోడ కాడికి పో!"

చిన్నబ్బ విసుక్కున్నాడు. అంత దూరంలో కూర్చుంటే ఆమె ముఖం కనబడదని, ఎక్కడ ఆపుతుందో తెలీదని గొడవపడ్డాడు. నాగరత్నమ్మ చెయ్యి ఎత్తి వేలు చూపించింది. తన వేలు చూసి వాయించమని ఆ సైగకు అర్థం. అతను మృదంగం ఎత్తుకుని గోడ దగ్గరికి వెళ్లాడు.

చిడతల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు లేకుండా ఆమె కథ ఎత్తుకోలేదు. చిడతలు మైకు దగ్గర మోగితే గొంతును మింగేస్తాయి. కాలు తట్టితే నేల అదిరి మైకు గుభేలుమంటుంది. మునికృష్ణ పరుపొకటి పరిచి దానిమీద నిలబడమన్నాడు. మైకును స్టాండు మీదినుంచి తీసి, పైన దూలానికి తాడుతో వేలాడదీశాడు. చిడతలకు పాత పంచె గుడ్డ చుట్టాడు. ఆమె ఒకసారి చిడతలు ఆడించి చూసుకుని, ఆ మొద్దు చప్పుడుకు మొహం చిట్లించింది. అయినా వాటినే పట్టుకుంది.

చివరి అడ్డంకి కరెంటు. మధ్యాహ్నమైతే ఆ వీధిలో వోల్టేజి పడిపోతుంది. మెషీను నెమ్మదిస్తే శ్రుతి జారుతుంది. వోల్టేజిని నిలబెట్టే స్టెబిలైజరు చేత్తో తిప్పే రకం. ఏకాంబరాన్ని దాని ముందు కూర్చోబెట్టాడు. "ఆ ముల్లు మీదినుంచి కండ్లు తియ్యొద్దు. పడితే నిదానంగా ఎక్కించు. గబుక్కున తిప్పితే గొంతు ఎగిరినట్టు వస్తాది."

ఫ్యాన్లు ఆపేశారు. నాగరత్నమ్మ పరుపుమీద నిలబడి కళ్లు మూసుకుంది. ఆమె నోరు తెరవకముందే మునికృష్ణ మెషీను తిప్పాడు.

రెండు రోజులు అలిసిపోయిన గొంతే అయినా, మొదటి పద్యానికే గదిలో గాలి మారింది. పూలమ్మే మనిషి బుట్టతో వాకిట్లో కూర్చునే ఘట్టం వచ్చింది, ఆమెను జనం తోసేసే ఘట్టం వచ్చింది. నాగరత్నమ్మ మెడలో నరం తాడులా ఉబ్బుతోంది. మాటకూ మాటకూ మధ్య గుటక వేయడం మునికృష్ణకు అద్దంలోంచి కనబడుతోంది. ఏకాంబరం చొక్కా వీపంతా తడిసింది, చెయ్యి మాత్రం స్టెబిలైజరు మీదినుంచి కదలలేదు.

"పూలవాకిట నిలిచి పిలిచేను తల్లీ..." అని ఆమె అందుకుంది. ఆ ఒక్క వరుసే కథకంతా ప్రాణం. చివర గొంతు సన్నగా పైకి పోయి, అక్కడే నిలబడి, మెల్లగా దిగింది. తర్వాతి వరుస సగంలో ఉండగా కరెంటు పోయింది. చక్రాలు నీరసంగా తిరిగి ఆగాయి.

నాగరత్నమ్మ పరుపుమీదే కూలబడింది. పంకజాక్షి ఆమె వీపు నిమురుతూ ఏడ్చింది.

చాలాసేపటికి కరెంటు వచ్చింది. మొదటినుంచి పాడే ఓపిక ఆమెకు లేదు. గొంతు బొంగురుపోతోంది. మునికృష్ణ లోపలికి వెళ్లి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పాడింది పాడినట్టే ఉండాదమ్మా. ఆగిపోయిన వరుస కాడినుంచి ఎత్తుకో సాలు. నేను అతికిస్తా."

ఆమె తలూపింది. లేచి, మిగిలిన కథ పాడింది. మంగళం దగ్గర గొంతు రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి. పంకజాక్షి ఎవరూ చెప్పకుండానే పక్కకొచ్చి అందుకుంది.

అయిపోయాక నాగరత్నమ్మ గుసగుసగా ఒకే మాట అంది. "నా గొంతు నేను ఒక తూరి ఇని పోతాను నాయనా."

బస్సుకు ఎక్కువ సమయం లేదు. ఆమెను వసారాలోకి పంపించి, ఫ్యాను వేసి, మునికృష్ణ బ్లేడు తీశాడు. టేపును చేత్తో ముందుకూ వెనక్కూ లాగి వింటూ తెల్ల పెన్సిలుతో గుర్తు పెట్టాడు.

"మాట మధ్యలో కొయ్యగూడదు. మృదంగం దెబ్బ పడే కాడ కొయ్యాల. ఆ దెబ్బ కింద అతుకు దాక్కుంటాది. బ్లేడు ఏటవాలుగా పెట్టు. నిలువుగా కోస్తే టప్పుమంటాది..."

మాట్లాడుతూనే పాడైన భాగం కోసి పడేశాడు. ఇంకొంచెం కత్తిరిస్తే బాగుంటుందనిపించి జానెడు ముక్క తీసేశాడు. రెండు కొసలూ అతికించి మెషీను తిప్పాడు.

"పూలవాకిట నిలిచి పిలిచేను త—"

ఆ వెంటనే తర్వాతి వరుస మొదలైంది. అంత సేపు పైన నిలబడ్డ ఆ గొంతు లేదు.

మునికృష్ణ మెషీను ఆపాడు. తప్పు గుర్తు మీద కోశాడు. కోసిన ప్రతి ముక్కనూ బల్ల అంచుకు అంటించడం అతని అలవాటు. ఇవాళ మాటల్లో పడి మర్చిపోయాడు. ఆ ముక్కను వేళ్లలోంచి అలాగే వదిలేశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది.

"యాడ పడింది?" అన్నాడు ఏకాంబరం, అప్పటికే మోకాళ్లమీద వంగి.

ఫ్యాను ఆపి ఇద్దరూ నేలమీద పాకారు. బల్ల కింద ఎన్నాళ్లనుంచో పడి ఉన్న టేపు ముక్కలు. అన్నీ ఒకటే గోధుమ రంగు, చాలావరకు జానెడే.

"అయిందా నాయనా?" వసారాలోంచి గుసగుస. నొప్పిని దిగమింగి పలికినట్టుంది.

"అయిపోతాండాదమ్మా!" అని అరిచాడు ఏకాంబరం. తర్వాత గొంతు తగ్గించి, "దుమ్ము పట్టినవి పక్కన పెడదామన్నా. మనది ఇప్పుడే పడింది గదా, శుభ్రంగా ఉంటాది," అన్నాడు.

అప్పటికీ గుప్పెడు మిగిలాయి. మునికృష్ణ ఒక్కొక్కటీ మెషీను ముందు చేత్తో లాగాడు. ఒకదాంట్లో తబలా. ఇంకొకదాంట్లో ఎవరో దగ్గు. ఒకదాంట్లో అర్థంకాని అరుపు వచ్చింది. విసిరెయ్యబోతుంటే ఏకాంబరం చెయ్యి పట్టుకున్నాడు.

"తిరగేసి లాగన్నా! ఎనకనుంచి ముందుకు మోగతాండాదేమో!"

తిరగేశాడు. "...ల్లీ" అని, సన్నగా, పైకి.

ఈసారి మునికృష్ణ మాటల్లో పడలేదు. ఏకాంబరం రెండు కొసలూ పట్టుకున్నాడు, మునికృష్ణ రెండు చోట్లా అతికించి గోటితో నొక్కాడు. మెషీను తిప్పి ఇద్దరూ దానిమీదికి వంగారు. 'తల్లీ' అన్న గొంతు పైకి వెళ్లి, నిలబడి, దిగింది. మృదంగం పడింది. ఏకాంబరం గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

లోపలికి పిలిచాక నాగరత్నమ్మ కుర్చీలో ముందుకు వంగి విన్నది. ఆ వరుస వచ్చినప్పుడు ఆమె కుడిచేయి ఒళ్లో చిడతలు పట్టుకున్నట్టు కదిలింది. మంగళం అయ్యేదాకా విని, పంకజాక్షి భుజం పట్టుకుని లేచింది. ఇద్దరివైపూ చూసి దండం పెట్టి మెట్లు దిగింది. బస్సు అందింది.

ఏకాంబరం ఆ రాత్రికి చిత్తూరు పోలేదు. ఇద్దరూ ఈ మెషీను విప్పి చూస్తూ, కాలిపోయిన చిత్తూరు మెషీనుకు ఏం చెయ్యాలో మాట్లాడుకున్నారు. మునికృష్ణ మధ్యలో చెప్పేది ఆపి, "ఆ భజన దినం నన్ను శానా నగుబాటు జేసినావు," అన్నాడు. "తప్పేనన్నా," అన్నాడు ఏకాంబరం. మునికృష్ణ ఆపిన దగ్గరినుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.

ఆపరేషను బాగానే అయింది. గొంతు మాత్రం డాక్టర్లు భయపడినట్టే మారింది. ఎండాకాలం మొదట్లో నాగరత్నమ్మ పంకజాక్షితో కలిసి స్టూడియోకు వచ్చింది. క్యాసెట్టు అప్పటికే తిరుచానూరు పూలంగళ్లలో మోగుతోంది. దాని గురించి ఆమె అడగలేదు.

"నా శ్రుతి పోయింది నాయనా," అంది, మగవాళ్ల గొంతులా మోగే కొత్త గొంతుతో. "ఇప్పుడు ఏది సరిపోతాదో సూడాల. హార్మోనియం ఉండాదా?"

మునికృష్ణ హార్మోనియం దించి, పాత శ్రుతి దగ్గర వేలు పెట్టాడు. ఆమె ఎత్తుకోబోయి ఆగి, తల అడ్డంగా ఊపింది. కింది మెట్టు నొక్కాడు. కుదరలేదు. ఇంకా కిందికి దిగాడు. ఆమె కళ్లు మూసుకుని కాసేపు ఆ స్వరాన్నే విన్నది.

"దీన్ని పట్టుకోని ఉండు," అని, పూలమ్మే మనిషి కథ మొదటి పద్యం నిదానంగా ఎత్తుకుంది.