తండ్రి దున్నలో వాటా

రెందెన్ పాలోపో పట్నంలో ముస్లింని పెళ్ళాడి మతం మారి పదకొండేళ్ళయింది. ఇండోనేసియాలోని తొరాజా కొండల మీది పుట్టింటివాళ్ళు క్రైస్తవులు. అయినా ఆమెని ఒక్క మాటన్నది లేదు. ఇంటివైపు ఏ చావు జరిగినా, ఆచారంగా దున్నల్ని కోసేటప్పుడు ఆమె కోసమని ఇమాంని పిలిపించి, బిస్మిల్లా చెప్పించి, ఒక దున్నను వేరుగా కోయించేవారు. కొత్త గిన్నెలు, వేరే పొయ్యి, అదీ పందుల వంటకి అల్లంత దూరంలో. ఇంత మర్యాద ఎవరు చేస్తారు చెప్పండి!

చేయనిది ఒక్కటే. మిగతా దున్నల కోత అయ్యాక, పంచే పెద్దమనిషి వెదురు మంచె ఎక్కి ఒక్కొక్కరి పేరూ పిలిచి, వాళ్ళ వాటా కిందికి విసురుతాడు. ఎవరు ఆ ఇంటికి ఏమవుతారో ఊరికి తెలిసేది ఆ పిలుపుతోనే. రెందెన్ తినకూడని మాంసం కదా అని ఆమె పేరు దాటేసేవారు. పాపం, మంచికే. ఆమె కూడా మొదట్లో అలాగే అనుకుంది. ఒకసారి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతె "ఈవిడ ఎవరి తాలూకు?" అని పక్కావిడని అడగడం చెవిన పడింది. అప్పట్నుంచీ ఆ మాట ఆమె కడుపులోనే ఉండిపోయింది.

ఇప్పుడు తండ్రి అంత్యక్రియలు. అక్కడి ఆచారం ప్రకారం ఏడాదిన్నరగా శవాన్ని ఇంట్లోనే ఉంచుకుని, జబ్బు మనిషికి పెట్టినట్టు పూటపూటా కాఫీ పెట్టారు. ఇక సాగనంపే రోజు వచ్చింది. పొద్దున్నే రెందెన్ తమ్ముడు పాసాంగ్‌ని పట్టుకుంది.

"నాన్న దున్నలో నా పేరు పిలిపించరా."

పాసాంగ్ నవ్వాడు. "దేనికక్కా? బావ వండిపెడతాడా? తినలేనిదాని ముందు పడేస్తే వెక్కిరించినట్టుండదూ?"

"వెక్కిరిస్తే వెక్కిరించండి. దాటెయ్యకండి. ఆయన కూతుర్నని నలుగురికీ తెలిసేది ఈ ఒక్కరోజే."

పంచేది మామయ్య, తన చేతుల్లో ఏముందని పాసాంగ్ మెల్లగా జారుకున్నాడు. నిజమే, మామయ్యకి ఎదురుచెప్పినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

మధ్యాహ్నం పిలుపులు మొదలయ్యాయి. పాస్టరుగారి పేరు వచ్చింది. బాప్తిస్మం జోలికే పోకుండా పాత దేవుళ్ళనే కొలిచే ముసలి తాత పేరు వచ్చింది. పినతండ్రులవి, మేనత్తలవి వచ్చాయి. ఆఖర్న కొడుకు వాటాగా తొడ మొత్తం పాసాంగ్ ముందు పడింది. మామయ్య కత్తి తుడుచుకుంటున్నాడు.

రెందెన్ వెళ్ళి మంచె కింద నిలబడింది. పిలవనివాళ్ళు అక్కడ నిలబడటం సిగ్గుచేటు. అయినా కదల్లేదు.

"మీ పొయ్యి దగ్గర భోజనం పెట్టించాం కదమ్మా," అన్నాడు మామయ్య, ప్రేమగానే.

"తిన్నాను మామయ్యా. నా పేరే పిలవలేదు."

"ఇంకేం మిగిలిందని పిలవను?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పాసాంగ్ నవ్వలేదు. తన వాటా భుజానికెత్తి తిరిగి మంచె మీద పడేశాడు.

"నాకూ వద్దు. మళ్ళీ పిలువు మామయ్యా, మా ఇద్దర్నీ."

మామయ్య తుడిచిన కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తొడను రెండుగా కోశాడు. వయసులో పెద్దది గనక ముందు రెందెన్‌ని పిలిచాడు, తండ్రి పేరు కూడా చేర్చి, కింది పొలాల దాకా వినపడేలా. రెందెన్ బురదలో పడిన ముక్కని రెండు చేతులా ఎత్తి గుండెలకి పట్టుకుని, అందరి ముందూ బావురుమంది.