నీడలో పనిచేసేవాళ్లు

ఎండలు ముదిరిన మూడో వారానికల్లా లాండ్రీకి వచ్చే దుప్పట్లు రెట్టింపయ్యాయి. ఆ లాండ్రీ నడిచేదే ఊళ్లోని పెద్దాసుపత్రి మీద. వడదెబ్బ తగిలినవాళ్లతో వార్డులు నిండిపోయి వరండాల్లో కూడా మంచాలు వేశారట. చెమటకి తడిసిన దుప్పట్లు రోజుకి రెండుసార్లు మార్చాలి. మార్చినవన్నీ మూటలు మూటలుగా వ్యాన్లో వచ్చి ఇక్కడ పడేవి.

రేకుల కప్పు కింద పొడుగాటి హాలు. ఒక చివర ఉతికే మిషన్లు, మధ్యలో ఆవిరితో నడిచే ఇస్త్రీ రోలర్, రెండో చివర మడతలు పెట్టే బల్లలు. వట్టి ఎండయితే ఎలాగో ఓర్చుకునేవాళ్లు. దానికి ఉక్క తోడైంది. పట్టిన చెమట పట్టినట్టే ఉండేది, ఆరేది కాదు. గోడకున్న పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పాడై పది రోజులైంది. మేనేజర్ని అడిగితే "సోమవారం మనిషొస్తాడు" అనేవాడు. ఏ సోమవారమో మాత్రం చెప్పేవాడు కాదు.

హాలంతటికీ సూపర్‌వైజర్ ఒకావిడ. అందరూ ఆమెని పెద్దక్క అనేవాళ్లు. పదహారేళ్లు రోలర్ దగ్గర నిలబడి పనిచేసి, ముంజేతుల నిండా కాలిన మచ్చలతో ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. ఆమెని వదినా అని పిలిచేది ఒక్కతే, సొంత తమ్ముడి భార్య. రెండేళ్ల కిందట పెద్దక్కే ఆ పిల్లని పనిలో పెట్టించింది. వచ్చిన వారానికే అందరూ ఆమెకి రేడియో అని పేరు పెట్టారు. చేతులు మడతలు పెడుతూనే ఉండేవి, నోరు వాగుతూనే ఉండేది. మిషన్ల రొదలో కూడా ఆమె గొంతు వినపడేది.

గోడకి ఎండల హెచ్చరిక కాగితం ఒకటి అతికించారు. రేడియో దాన్ని వార్తలు చదివేవాళ్ల గొంతుతో చదివింది.

"మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు ఎండలో పని చేయించరాదు. నీడలో ఉండవలెను. నీళ్లు ఎక్కువగా తాగవలెను." చదవడం ఆపి పెద్దక్క వైపు తిరిగింది. "మనం నీడలోనే ఉన్నాం కదా వదినా! ఎంత అదృష్టం! పాపం మీ తమ్ముడు చూడు, ఇంట్లో కాళ్లు బారజాపుకుని పడుకోవాల్సొస్తోంది."

అందరూ పకపకా నవ్వారు. పెద్దక్క తమ్ముడు కట్టడాలకి బయటి గోడల రంగులు వేసేవాడు. పన్నెండు కొట్టగానే అతని పని ఆపేసేవాళ్లు. రోలర్ పక్కన వేడి ఎంతుందో కొలిచినవాడు లేడు.

నీళ్లకి కొదవలేదు. తలుపు దగ్గర నాలుగు క్యాన్లు ఎప్పుడూ నిండుగా ఉండేవి. తాగేవాళ్లే లేరు. దుప్పట్లు రెట్టింపైన రోజే మేనేజర్ పెద్దక్కని పక్కకి పిలిచి, "ఆడవాళ్లు బాత్రూంకని వెళ్లి పావుగంట కబుర్లు చెప్పుకుంటున్నారమ్మా. తాళం వేసి చెవి నీ దగ్గర పెట్టుకో. షిఫ్టుకి ఒక్కసారే" అన్నాడు. ఆమె తాళంచెవి కొంగున ముడేసుకుంది. అప్పట్నుంచి ఆడవాళ్లు గొంతు తడుపుకోవడమే తప్ప నీళ్లు తాగడం మానేశారు.

ఆ రోజు పొద్దున పదింటికే రేడియో ఒకసారి బాత్రూంకి వెళ్లొచ్చింది. ఒంటిగంట దాటాక మళ్లీ వచ్చి, "వదినా, చెవి ఒక్కసారి ఇవ్వవూ? రెండు గ్లాసులు నీళ్లు తాగి, మొహం కూడా కడుక్కుంటాను. తల తిరుగుతోంది" అంది మెల్లగా.

పెద్దక్క చుట్టూ చూసింది. పొద్దున్న ఇద్దరిని కాదని తిప్పి పంపింది. ఇప్పుడు మరదలికి ఇస్తే పదిమంది నోళ్లలో పడాలి. "ఈ లోడ్ అయ్యేదాకా ఆగు. అరగంటలో వ్యాను వచ్చేస్తుంది" అంది, అందరికీ వినపడేలా.

"సరే మేడంగారూ" అని సెల్యూట్ కొట్టి వెళ్లిపోయింది రేడియో.

రెండు కావస్తుండగా మడతల బల్ల దగ్గర నవ్వులు వినపడ్డాయి. రేడియో ఒకే దుప్పటిని మడవడం, విప్పడం, మళ్లీ మడవడం. పక్కనున్న ఆమె "ఏంటే, దాన్ని జోకొడుతున్నావా?" అంటే, "ఆ తలుపేసేయండే, చలి చంపేస్తోంది" అంది. అందరికీ కడుపు చెక్కలైంది. పెద్దక్కకి మాత్రం ఒళ్లు మండింది. వ్యాను వచ్చే వేళకి వేళాకోళాలా? విసవిసా దగ్గరికెళ్లింది.

"చాల్లే నీ వేషాలు. పని చూడు."

రేడియో ఆమె మొహంలోకి చూసి, "అమ్మా, నువ్వెప్పుడొచ్చావు?" అంది.

ఆ చూపు ఎక్కడో ఉంది. పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుంది. పెనం మీద చెయ్యి పెట్టినట్టయింది. హాల్లో అందరి ఒళ్లూ కారిపోతుంటే ఆ చేతి మీద చెమట చుక్క లేదు. అంతలోనే రేడియో కాళ్లు మడతపడి, మడత దుప్పట్ల దొంతరని పట్టుకోబోయి నేలమీద పడింది.

ఆ క్షణాన పెద్దక్క చేసిన మొదటి పని మేనేజర్‌కి ఫోన్ చెయ్యడం.

"అంబులెన్స్ గేటు ముందుకి రప్పించొద్దు, గోల అవుతుంది" అన్నాడు అతను. "నేనే కారు పంపిస్తాను. ఈలోగా గాలి తగిలేలా వరండాలో పడుకోబెట్టు."

"మీ ఆఫీసు గదిలో ఏసీ ఉంది కదండీ, అక్కడ..."

"అక్కడ కాగితాలున్నాయమ్మా. చెవి కూడా నా దగ్గరే ఉంది."

వరండాలోకి మోసుకొచ్చారు. ఒకామె గ్లాసుతో నీళ్లు తెచ్చి నోట్లో పొయ్యబోయింది. అప్పుడే బాయిలర్ చూసే తాత పరిగెత్తుకొచ్చాడు. నలభై ఏళ్లు ఆవిరి మధ్యే బతికిన మనిషి.

"నోట్లో పొయ్యకండి, తెలివి లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు తడపండి! మెడ, చంకలు, తొడలు! చెమట ఆగిపోతే మనిషికి టైం లేనట్టే. అంబులెన్స్‌కి చెప్పారా?"

అందరూ పెద్దక్క వైపు చూశారు. తాత మరి అడగలేదు. లోపలికెళ్లి, వ్యానుకి కట్టి ఉంచిన తెల్ల దుప్పట్ల కట్ట ఎత్తుకొచ్చి తాడు తెంపాడు. ఒకదాన్ని నీళ్ల తొట్లో ముంచబోతుంటే పెద్దక్క నోట్లోంచి మాట దొర్లిపోయింది.

"తాతా, అవి ఆసుపత్రివి. రెడీ అయిన సరుకు."

తాత తల తిప్పి ఆమె వైపు చూశాడు. దుప్పటి ముంచి రేడియో మీద కప్పాడు. అన్న మాట తన చెవిన తనకే పడ్డాక పెద్దక్కకి తల కొట్టేసినట్టయింది. తానూ ఒక దుప్పటి లాగి ముంచింది. ఇంకో ఇద్దరు అట్టముక్కలతో విసిరారు. వేసిన దుప్పటి నిమిషంలో వెచ్చబడిపోయేది. తీసి మళ్లీ ముంచడం, మళ్లీ కప్పడం. అలా ఆ కట్టలో ఇరవై దుప్పట్లు వాడారు. తాత తన ఫోన్‌తో అంబులెన్స్‌ని పిలిచాడు. అది తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. మేనేజర్ పంపుతానన్న కారు రానేలేదు.

మొదటే పిలిచి ఉంటే ఎంత బాగుండేదో ఆసుపత్రిలో డాక్టరు వేరే చెప్పలేదు. "ఎంతసేపైంది?" అని మాత్రం అడిగాడు.

అయిదో రోజున రేడియో కళ్లు తెరిచింది. మూత్రం బాగా తగ్గిపోయి, కిడ్నీల కోసం ఏవేవో మందులు ఎక్కిస్తున్నారు. తమ్ముడు మందుల చీటీతో కిందికి వెళ్లాడు. మంచం పక్కన పెద్దక్క ఒక్కతే ఉంది. రేడియో పెదాలు కదిలాయి. పెద్దక్క వంగి చెవి దగ్గర పెట్టింది.

"వదినా..." మాట కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. "వెళ్లొచ్చా?"

"ఎక్కడికే?"

"ఒక్క నిమిషంలో వచ్చేస్తాను. మాట్లాడను ఎవరితోనూ."

పెద్దక్కకి కొంగున ముడేసుకున్న బాత్రూం చెవి గుర్తొచ్చింది. ఆ పిల్ల జీవితంలో మొదటిసారి మాట్లాడనని మాటిచ్చింది. పెద్దక్క బయటికొచ్చి, వరండాలో మంచాల మధ్య ఉన్న సందులో గోడవైపు తిరిగి నిలబడి ఏడ్చింది.

మర్నాడు కార్మిక శాఖ తనిఖీ అధికారి లాండ్రీకి వస్తున్నాడని తెలిసింది. మేనేజర్ ముందే ఒక కాగితం రాయించి ఉంచాడు. నీళ్లు పుష్కలంగా అందుబాటులో ఉన్నా సదరు కార్మికురాలు నిర్లక్ష్యం వల్ల తాగలేదనీ, ఒంట్లో బాగాలేదని ఎవరికీ చెప్పలేదనీ అందులో ఉంది.

"సంతకం పెట్టమ్మా. నీకూ మంచిది, నాకూ మంచిది."

ఆమె పెట్టలేదు. అధికారి ముందు నిలబడి ఉన్నదంతా చెప్పింది. ఫ్యాన్ సంగతి, తాళం సంగతి, షిఫ్టుకి ఒక్కసారన్న మాట. అక్కడితో ఆపితే సరిపోయేది. ఆపలేకపోయింది. "మా మరదలు తల తిరుగుతోందని నాతో చెప్పిందండీ. చెవి అడిగింది. నేనే ఇవ్వలేదు. ముందు అంబులెన్స్‌కి కాకుండా మేనేజర్‌గారికి ఫోన్ చేసింది కూడా నేనే."

అధికారి రాసుకున్నాడు. తర్వాత మేనేజర్ని అడిగాడు. "తాళం వెయ్యమని నేనెప్పుడన్నానండీ? నా సంతకంతో కాగితం ఏదైనా ఉందా?" అన్నాడు మేనేజర్, ఏమీ ఎరగనట్టు. ఆడవాళ్లని పిలిచి అడిగితే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి ఒకామె, "తాళంచెవి పెద్దక్క దగ్గరే ఉండేదండీ" అంది. అందులో అబద్ధం లేదు. పెద్దక్క ఆమెని తప్పుపట్టలేకపోయింది కూడా. ఆ రోజు పొద్దున్న చెవి అడిగితే తిప్పి పంపిన ఇద్దరిలో ఆమె ఒకతె.

రిపోర్టులో సూపర్‌వైజర్ సొంత నిర్ణయం అని రాశారు. పదిరోజుల్లో ఆమెని పనిలోంచి తీసేశారు. ఆ వారమే ఎగ్జాస్ట్ ఫ్యాన్ బాగైంది. బాత్రూం తలుపుకి తాళం తీసేశారు. కొత్త సూపర్‌వైజర్ మంచి మనిషని అందరూ అనుకున్నారు. దారిలో ఎదురుపడితే పాత స్నేహితులు పలకరించేవాళ్లు గానీ, నిలబడి మాట్లాడేవాళ్లు కాదు. బాయిలర్ తాత ఒక్కడే ఒకసారి ఆగి, "నిజం చెప్పావు అమ్మాయ్. కానీ ఆ రోజు దుప్పట్ల గురించి నువ్వన్న మాట నేను మర్చిపోలేను, ఏమనుకోకు" అని వెళ్లిపోయాడు.

రేడియో ఇంటికొచ్చింది. నడుస్తుంది, గోడ పట్టుకుని. తినగలదు, చెంచా వణుకుతుంది. మాటే పోయింది. పూర్తిగా పోలేదు. కావాల్సిన మాట నోటిదాకా వచ్చి దొరక్కుండా జారిపోతుంది. దానికోసం వెతుకుతూ వెతుకుతూ విసిగి, చివరికి వదిలేస్తుంది. మెల్లగా వస్తాయని డాక్టరన్నాడు. ఎంత మెల్లగానో అతనికీ తెలియదు.

పెద్దక్క పళ్ల సంచి పట్టుకుని చూడ్డానికి వెళ్లింది. తమ్ముడు గుమ్మం బయటే ఎదురొచ్చాడు. వెనకాల తలుపు దగ్గరగా వేశాడు. చేతికి రంగు మరకలున్నాయి. అంతకుముందు రోజే అధికారి రాసిన కాగితం నకలు అతనికి అందింది.

"అక్కా, ఒక్కటడగనా?"

"అడుగు."

"తల తిరుగుతోందని నీకు చెప్పిందా?"

"చెప్పింది."

పక్కింటి వాళ్ల కూలర్ రొద వినపడుతోంది. పెద్దక్క చేతిలో సంచి బరువుగా వేలాడుతోంది.

"ఇన్నాళ్లూ ఆ మేనేజర్ని తిట్టుకుంటూ బతికాను. రోజూ పొద్దున్నే లేచి వాణ్ణి తిట్టుకుంటే రోజు గడిచిపోయేది" అన్నాడు. "నువ్వు చెప్పకుండా ఉండాల్సింది అక్కా. నీకేం, చెప్పేసి తేలికపడ్డావు. ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోను? నన్ను ఎత్తుకుని పెంచినదాన్నా?"

"తిట్టు. తిట్టరా. నేను వింటాను."

"రాదు నాకు" అన్నాడు. సంచి అందుకున్నాడు. లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. గట్టిగా కూడా వెయ్యలేదు. నిద్రపోతున్న మనిషి లేవకుండా, చప్పుడు కాకుండా వేశాడు.

పెద్దక్క కాసేపు ఆ మెట్టు మీదే నిలబడింది. తర్వాత చెప్పులు వేసుకుని, ఎండ నిండిన వీధిలోకి దిగింది.